కేకదూరం

పాపరతీగ పీకనివ్వకపోవడం నేరమని ఏ చట్టంలోనూ లేదు. అందుకే కామాక్షయ్య ఈనాటికీ ఉతికిన పంచె కట్టుకుని, కాలవ రేవులో పడవెక్కేటప్పుడు నలుగురి చేతా దణ్ణాలు పెట్టించుకుంటున్నాడు. ఆయన ఎవరినీ కొట్టలేదు. ఎవరి కొంపకూ నిప్పు పెట్టలేదు. మూడేళ్ళ కిందట తన సరుగుడు తోట దడి పక్కన నిలబడి, "నా ఇసకలో నీకేం పనిరా ముత్యాలా, వదిలిపెట్టు దాన్ని" అన్నాడు. అంతే. ముత్యాలయ్య చేతిలో ఉన్న తీగను అక్కడే వదిలేసి వచ్చాడు. వేరు సగం తెగి ఉంది. అయినా అది బతికింది. పాపర అంత తేలిగ్గా చావదు.

దొరువులపాళేనికి తూర్పున సముద్రం, పడమట ఉప్పుకాలవ. మధ్యన ఉన్నదంతా ఇసుకే. పడవా వలా ఉన్నవాళ్ళు సముద్రం మీదికి పోతారు. లేనివాళ్ళు ఆ ఇసుకలోనే దొరువు తవ్వుకుంటారు. దొరువంటే బావి కాదు. మనిషి లోతున ఏటవాలుగా తవ్విన గుంట, అడుగున మోకాటిలోతు తియ్యటి నీళ్ళు. రెండు చేతులా రెండు కుండలు పట్టుకుని దిగి, ముంచి, ఎక్కి, తీగ మొదట్లో పొయ్యాలి. ఎండాకాలమంతా పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా ఆ దిగడం ఎక్కడమే సేద్యం. ఆ నీళ్ళకి పుచ్చకాయలు బెల్లంలా పండుతాయి, కాలవ పడవల్లో మద్రాసు దాకా పోతాయి.

పుచ్చ పెట్టేవాళ్ళకి అక్కడొక కట్టడి ఉండేది. విత్తనం వేసే ముందు ఒకడు చేను మూల నిలబడి కేక పెడతాడు. ఇంకొకడు ఇసుకలో నడుచుకుంటూ పోతాడు. కేక వినపడినంత మేరా, చుట్టూరా, పాపరతీగ అన్నది వేరుతో సహా పీకెయ్యాలి. పాపరంటే చేదుపుచ్చ. నిమ్మకాయకన్నా కొంచెం పెద్ద కాయ, పైన పుచ్చకాయకున్న చారలే. దాన్ని ఎందుకు పీకాలో చెప్పగలిగినవాళ్ళు లేరు. పాపర పక్కనుంటే పుచ్చ అలుగుతుందని ఆడవాళ్ళు అనేవారు. తాతలు పీకారు కాబట్టి వీళ్ళూ పీకారు.

మద్రాసులో ఏదో మందుల కంపెనీ పాపరకాయ ఎండుగుజ్జుకి ధర కట్టేదాకా ఆ కట్టడికి అడ్డు రాలేదు. విరేచనాల మందులో వేస్తారట. గూడూరులో మూలికల వ్యాపారం చేసే బడేసాహెబు వచ్చి, ఊరి మీద ఎక్కడ పాపర ఉంటే అక్కడ బేరం పెట్టాడు. కామాక్షయ్యకి పట్టా ఇసుక చాలా ఉంది, అందులో సరుగుడు మొక్కల మధ్య పాపర తనంతట తనే పాకుతుంది. నీళ్ళు పోసే పని లేదు, కావలి లేదు. అటువంటి పంటను ఎవరు పీకనిస్తారు? మిగిలిన పుచ్చరైతులు కాలవ అవతలికి మారిపోయారు. ముత్యాలయ్యకి మారడానికి వేరే చోటు లేదు.

పాపర పీకడం ఆగిన మూడో వేసవి అతని చేనుకి నక్కలు రాలేదు. కాయ రంగు తిరిగే రోజుల్లో దడి కింద దూరి వచ్చే నక్కల కోసం భార్య నాగులమ్మ ఏటా పాత తపేలా వాయిస్తూ కావలిపాకలో కూర్చునేది. ఈసారి తపేలా ముట్టుకునే పని పడలేదు. ముత్యాలయ్య అందుకు సంతోషించాడు కూడా. మంగళవారం తెల్లవారి కుండలు తీసుకుని దొరువులోకి దిగబోతూ, గట్టు వార తీగకి కొరికిన కాయ చూశాడు. ఒక్క కాటు. ఎర్రటి గుజ్జులో పళ్ళగాట్లు అలాగే ఉన్నాయి. చుట్టూ ఇసుక గీరి ఉంది, నక్క మూతిని ఇసుకకేసి రుద్దుకున్నట్టు. గుజ్జు తియ్యగా వాసన వేస్తోంది, దాని మీద ఒక్క చీమ లేదు.

కుండలు కింద పెట్టి, వేలిగోటితో గుజ్జు తీసి నాలుక మీద వేసుకున్నాడు. ముందు తీపి తగిలింది. ఊపిరి పీల్చుకునేలోపల ఆ తీపి వెనకనుంచి చేదు వచ్చింది. కాకర చేదు, వేప చేదు మనిషికి తెలిసిన చేదులు. ఇది నోటిని లోపలినుంచి పట్టుకుని పిండినట్టుంది. ఉమ్మేశాడు. దొరువులో నీళ్ళు పుక్కిలించాడు. నీళ్ళూ చేదయ్యాయి.

"ఏందయ్యా అట్టా మొగం పెట్టినావు?" అంటూ నాగులమ్మ గట్టు దిగింది.

అతను కాయ చూపించాడు. ఆమె వంగి కాయనీ, తర్వాత తీగనీ చూసింది. ఒక ఆకు తుంచి అరచేతిలో పరిచింది. ఆకు చీలికలు ప్రతి ఏడూ ఉన్నంత వెడల్పు లేవు. తాకితే గరుగ్గా ఉంది. ఈ సంగతి ఇద్దరూ నెలకిందటే చూశారు. నీళ్ళు చాలక అలా వచ్చిందనుకుని ఆ తీగలకి ఇంకో రెండు కుండలు ఎక్కువ పోశారు.

పోయిన ఏడు కూడా రెండు మూడు తీగలకి చేదుకాయలు కాశాయి. ఉప్పునీళ్ళు ఊరి ఉంటాయిలే అని ముత్యాలయ్య వాటిని మేకలకి పారేశాడు. మేకలు తినలేదు. అప్పుడైనా ఆలోచించాల్సింది. కానీ విత్తనం సంగతిలో అతనికి అనుమానం లేదు. విత్తనానికి ఎప్పుడూ గట్టు వార తీగ కాయే ఉంచుతారు. దానికి చేప ఎరువు ఎక్కువ పడుతుంది, ఎండ ఎక్కువ తగులుతుంది, అన్నిటికన్నా ముందు పండుతుంది. ఆ కాయ కోసి, గంగమ్మకి చూపించి, ఇంటిల్లిపాదీ తిని, గింజలు చాటలోకి ఉమ్మి, బూడిద పట్టించి సొరబుర్రలో పోస్తారు. తిన్న కాయ తియ్యగా ఉంది కాబట్టి గింజ మంచిదే. ఆ గట్టుకి అవతల, చెయ్యి చాపితే అందే దూరంలో, కామాక్షయ్య పాపర పూసి ఉంది. తేనెటీగలకి గట్లు లేవు.

"శుక్రవారం గదా ఆయన వచ్చేది," అంది నాగులమ్మ.

వచ్చేది రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. చేనున్న ఇసుక సర్కారుది. ముత్యాలయ్య తండ్రి తవ్విన రెండు దొరువులూ సర్కారు ఇసుకలోనే ఉన్నాయి. ఏటా ఆక్రమణ పన్ను కట్టించుకుని రసీదు ఇస్తారు. దొంగతనానికి రసీదు ఇచ్చే దొర సర్కారొక్కటే. పంచాయతీ సమితులు వచ్చాక, ఇటువంటి భూముల్లో సాగు చేసుకుంటున్నవాళ్ళకి పట్టాలిస్తామని చాటింపు వేశారు. ముత్యాలయ్య అర్జీ పెట్టుకున్నాడు. సరుగుడు వేసుకుంటానని కామాక్షయ్య కూడా అదే ముక్కకి అర్జీ పెట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి చేను చూస్తాడు. మంచి పంట ఉంటే ముత్యాలయ్యకి, లేకపోతే కామాక్షయ్యకి. పుచ్చచేను చూడ్డానికి వచ్చిన అధికారికి కాయ కోసి పెట్టకుండా ఎవరూ పంపరు. ఆ కాయ ఏది కావాలో ఇద్దరూ ఆలోచిస్తూ నిలబడ్డారు. చేను నిండా కాయలు ఎండుగడ్డి కప్పుకుని, ఒకదాన్ని పోలినట్టు ఒకటి పడుకుని ఉన్నాయి.

*

పైకి చూసి చేదుకాయ చెప్పే దారి లేదు. వేలితో తడితే అన్నీ ఒకేలా మోగాయి. నేలకి ఆనిన మచ్చ అన్నిటికీ పచ్చగానే తిరిగింది. ఆకు చూసి చెబుదామన్నా తీగలు ఒకదానిమీదికొకటి పాకి కలిసిపోయాయి. ఉన్న దారి ఒకటే. కొడవలి మొనతో మూడు మూలల గాటు పెట్టి, ముక్క పైకి లాగి, రుచి చూసి, ముక్క మళ్ళీ అందులోనే పెట్టెయ్యడం. గాటు పడిన కాయ రెండో రోజుకి పులుస్తుంది, పడవవాళ్ళు ముట్టుకోరు. అంటే ఏ తీగ మంచిదో తెలుసుకోవాలంటే ఆ తీగ మీద ఒక కాయ చంపుకోవాలి.

సముద్రం వైపునుంచి మొదలుపెట్టారు. ముత్యాలయ్య కోసి రుచి చూస్తాడు. బాగుంటే నాగులమ్మ తన పాత నీలంచీర అంచు చించిన పీలిక తీగ మొదట్లో కడుతుంది. మొదటి తీగ బాగుంది. రెండోదీ బాగుంది. ముత్యాలయ్య నవ్వు మొగం పెట్టాడు. తర్వాత వరసగా చేదు. ఒక్కో తీగ చేదు ఒక్కో రకంగా ఉంది. ఒకటి నాలుక చివర పట్టుకుంది. ఒకటి ఉమ్మేశాక గానీ తెలియలేదు. ఇంకొకటి అసలు చేదు కాదు, తీపీ కాదు, సున్నపునీళ్ళ రుచి. ఒకే సొరబుర్రలో పోసిన గింజలు ఇన్ని రకాలు ఎలా అయ్యాయో అతనికి అంతుపట్టలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అతని నాలుక చచ్చింది. బెల్లంముక్క తెచ్చి నోట్లో వేసుకుంటే అదీ చేదే.

"ఇంక నువ్వు గుర్తుపట్టలేవు, నా చేతికియ్యి," అంది నాగులమ్మ.

"నమిలి ఊసెయ్యి. మింగబాక," అన్నాడు.

ఆమె ఊసెయ్యలేదు. ఆ ఏటి తొలికాయ అప్పటికింకా గంగమ్మకి చూపించలేదు. తొలికోత ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మితే చేను మీద ఉమ్మినట్టే. పాళెంలో పసిబిడ్డలకి కూడా ఆ సంగతి తెలుసు. పట్టా వచ్చే ముందు గంగమ్మకి కోపం తెప్పించడం ఆమెకి ఇష్టం లేదు. చేదు తగిలిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని మింగి, తల అడ్డంగా ఊపేది. ముత్యాలయ్య ఆ తీగ వదిలి ముందుకు జరిగేవాడు. రెండుసార్లు కసిరాడు. మూడోసారి ఊరుకున్నాడు. అతనికీ గంగమ్మంటే భయమే, పొద్దుట్నుంచీ తను ఉమ్మింది చాలనుకున్నాడు.

సాయంత్రానికి సగం చేను అయింది. నీలం పీలికలు అక్కడొకటి ఇక్కడొకటి, చూస్తే నవ్వొచ్చేటన్ని. మిగిలిన సగం బుధవారం పొద్దున మొదలుపెట్టారు. గట్టు దగ్గరయ్యేకొద్దీ పీలికలు కట్టే పని తగ్గిపోయింది. నాగులమ్మ మధ్యమధ్యలో కడుపు పట్టుకుని కూర్చుంటోంది. ఎండ దెబ్బేమోనని ముత్యాలయ్య ఆమె నెత్తిన తడిగుడ్డ వేశాడు. ఇంకా కొన్ని తీగలు మిగిలి ఉండగానే ఆమె దడి వెనక్కి పరుగెత్తింది. చాలాసేపటికి తిరిగొచ్చి పాక గుంజ పట్టుకుని నిలబడింది. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి.

"రగతం పడతా ఉండాది," అంది మెల్లగా.

ముత్యాలయ్య అక్క అంకాలమ్మ కబురు విని వచ్చింది. నాగులమ్మ పక్కన గొంతు కూర్చుని పొట్ట నొక్కి చూసింది. తమ్ముణ్ణి బయటికి పొమ్మంది. పాళెంలో ఆడవాళ్ళు పాపర మింగేది ఒక్కదానికే, కడుపు పోగొట్టుకోవడానికి, అది ఎవరికీ చెప్పుకునేది కాదు. అందుకే అంకాలమ్మ గొంతు తగ్గించి అడిగింది. నాగులమ్మ నొప్పిలోనే నవ్వింది.

"ఈ వయసులో నాకదొకటా వదినా. పుచ్చకాయ తిన్నా, అంతే."

అంకాలమ్మ నమ్మినట్టు లేదు. బయటికొచ్చి, కొరికిన కాయ దగ్గర నిలబడి ఒక ముక్క నాకి చూసింది. మజ్జిగ తేవడానికి పాళెంలోకి పోయింది. పోతూ, ఈ సంగతి ఎవరి చెవినా వెయ్యొద్దని, కాయలు తిన్న మనిషి పడిపోయిందని తెలిస్తే పడవవాడి సంగతి అట్లా ఉంచు, సర్కారోడు చేను తగలబెట్టిస్తాడని చెప్పింది.

*

గురువారం ముత్యాలయ్య చేదుకాయలు ఏరాడు. పీలిక లేని ప్రతి తీగ మీదా కాయ తెంపి, గోతంలో మోసుకుపోయి, దడికి అవతల సముద్రం వైపు ఇసుక దిబ్బలో గుంట తీసి పూడ్చాడు. గాట్లు పెట్టినవీ పెట్టనివీ, ఒక్కటి తప్ప అన్నీ పూడ్చాడు. తీగలు మాత్రం పచ్చగా ఉంచాడు, చేను బోసిగా కనపడకుండా. మంచి కాయల్లో కొన్నిటిని ఖాళీ తీగల మధ్య అక్కడక్కడా పేర్చి గడ్డి కప్పాడు. చూసేవాళ్ళకి చేను కాసినట్టే ఉంది. పాకలో నాగులమ్మ మూలుగుతోంది. గంజి తాగితే నిలవడం లేదు. ఇసుక మీద అతను నడిచిన చోటల్లా కాళ్ళు మెత్తగా దిగబడుతున్నాయి, కింద ఏదో గుల్లగా ఉన్నట్టు.

మధ్యాహ్నం బడేసాహెబు కామాక్షయ్య ఇంటి నుంచి ఒంటరిగా నడిచి వచ్చాడు. ఎర్ర అంచు తువ్వాలు నెత్తికి చుట్టుకుని, దొరువు దగ్గర ఆగి, కాసిని నీళ్ళు ఇమ్మన్నాడు. తాగి, అడక్కుండానే చెప్పాడు. మద్రాసు కంపెనీవాళ్ళు కామాక్షయ్య పంపిన పాపర బస్తాలు తిప్పి పంపారట. వాళ్ళ పరీక్షలో ఏ రెండు బస్తాలూ ఒక్కలాగా రాలేదట. ఒకదాంట్లో మందు సగానికి సగం లేదు. ఒకదాంట్లో ఉన్న చేదు వాళ్ళడిగిన చేదు కాదు. కొన్ని కాయల్లో అసలు ఏమీ లేదు. కామాక్షయ్య అరుగు మీద కూర్చుని తిట్లు తిడుతున్నాడు, ఆ తిట్లు పడలేక ఇటు వచ్చాడు.

ముత్యాలయ్య ఆయన్ని పాక పక్కకి తీసుకుపోయి, పూడ్చకుండా మిగిల్చిన ఒక చేదుకాయ కోసి ముందు పెట్టాడు. బడేసాహెబు చిన్న ముక్క నాలుక కొసకి తగిలించి, ఉమ్మి, తన సంచిలోంచి రెండు పాపరకాయలు తీసి పగలగొట్టాడు. ఒకదాని గుజ్జు తెల్లగా ఉంది. రెండోదాని గుజ్జులో గులాబి రంగు జీర ఉంది. ముత్యాలయ్య దాన్ని నాకితే చేదు లేదు. పాపరలో పుచ్చకాయ రంగు చూడటం అతనికి అదే మొదలు. చచ్చిన మనిషి మొగంలో ఇంకొకరి పోలిక చూసినట్టయింది.

"రెండూ కలిసిపోయినయ్ ముత్యాలయ్యా," అన్నాడు బడేసాహెబు. "నీ కాయలోకి దాని మందు పోయింది. దాని కాయలోకి నీ తీపి పోయింది. ఇంక ఏ కాయలో ఏముండాదో అల్లాకే తెలవాల."

ముత్యాలయ్యకి ఆ మాటలో ఒక దారి కనపడింది. పీకాల్సిన పాపరను పీకనివ్వనివాడు కామాక్షయ్య. చేను చెడిపోవడానికి కారణం కామాక్షయ్య. ఈ సంగతి తను చెబితే ఎవరూ వినరు, కానీ ఊళ్ళో వేలు విడిచిన బంధుత్వం కూడా లేని మనిషి, మందుల మనిషి చెబితే ఇన్‌స్పెక్టరు వింటాడు. ఎందుకైనా మంచిది, ఒకవేళ ఏ కాయైనా చేదు తగిలినా తప్పెవరిదో తెలుస్తుంది. రేపు పొద్దున ఉండి ఈ మాట సారు ముందర చెప్పమని బడేసాహెబు చెయ్యి పట్టుకున్నాడు.

బడేసాహెబు చెయ్యి విడిపించుకోలేదు గానీ తల దించుకున్నాడు. "నేను చూసింది మొత్తం చెప్తా. అందులో సగం చెప్పమంటే నాకు చాతగాదు."

"మొత్తం చెప్పు సాయిబన్నా. నాకు కావాల్సింది అదే," అన్నాడు ముత్యాలయ్య.

*

శుక్రవారం ఎండ ఎక్కకముందే వచ్చారు. ముందు కొలత గొలుసు భుజాన వేసుకుని ఊరి తలారి, వెనక ఇన్‌స్పెక్టరు, ఆయన నెత్తిన గొడుగు పట్టి కామాక్షయ్య. గొడుగు నీడలో తనెక్కడా లేకుండా, ఆయన ఒక్కడికే పట్టాడు. అందరికన్నా వెనక బడేసాహెబు. ఇన్‌స్పెక్టరు కుర్రవాడే, చెప్పుల్లో ఇసుక దూరినప్పుడల్లా ఆగి కాలు విదిలించుకుంటున్నాడు. చేను చుట్టూ తిరిగాడు. దొరువులు రెండూ చూశాడు. ఎవరు తవ్వారని అడిగాడు. నీళ్ళు దోసిట్లో తీసుకుని తాగి, సముద్రం వైపు చూసి, ఆశ్చర్యపోయాడు. పాకలోంచి మూలుగు వినపడితే ఎవరని అడిగాడు. జ్వరమని చెప్పాడు ముత్యాలయ్య.

కాయ కోశాడు. నీలం పీలిక తీగది, పొద్దున మళ్ళీ ఇంకొక కాయకి గాటు పెట్టి చూసుకున్న తీగది. కొడవలి దిగగానే కాయ తనంతట తనే చిట్లింది. ఇన్‌స్పెక్టరు ఒక ముక్క తిన్నాడు. రసం మోచేతి దాకా కారింది. ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు. ఇంత తియ్యటి కాయ తను నెల్లూరులో కూడా తినలేదన్నాడు. ముత్యాలయ్య కొడవలి ఇసుకలో గుచ్చి దాని పిడి పట్టుకుని నిలబడ్డాడు. పాకలో మూలుగు ఆగింది. నాగులమ్మ కూడా వింటోంది.

కామాక్షయ్య కాదనలేదు. ఆయన కూడా ఒక ముక్క తీసుకుని తిన్నాడు. గింజలు ఉమ్మి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"సార్, కాయ తియ్యగా ఉండాదా లేదా, మీ నోటితోనే చెప్పండి," అన్నాడు.

"చాలా తియ్యగా ఉందండీ."

"ఆ తీపే సార్ నా కొంప ముంచింది." కామాక్షయ్య జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో పగలగొట్టిన పాపరకాయలు ఉన్నాయి, గులాబి జీరతో. కంపెనీ తిప్పి పంపిన బస్తాల సంగతి, మద్రాసులో తన మాట పోయిన సంగతి, దేశంలో మందులకి ఇంత కరువున్నప్పుడు దొరికే మందు పంట పాడైపోతున్న సంగతి నిదానంగా, ఎవరినీ తిట్టకుండా చెప్పాడు. నిన్న అరుగు మీద తిట్లు తిట్టిన మనిషి ఈయనేనా అనిపించేలా చెప్పాడు. పక్కనే తీపి పుచ్చ పెట్టబట్టి ఇదంతా జరిగిందన్నాడు.

ముత్యాలయ్యకి ముందు అర్థం కాలేదు. అర్థం కాగానే బడేసాహెబు వైపు తిరిగాడు. "నిన్న నాతో చెప్పింది చెప్పు సాయిబన్నా. చెడగొట్టింది ఎవరో చెప్పు."

ఇన్‌స్పెక్టరు కూడా ఆయన వైపే చూశాడు. బడేసాహెబు తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. పాపర దగ్గరుంటే పుచ్చ చేదెక్కుతుందని చెప్పాడు. పుచ్చరైతులు అందుకే వెనకటినుంచీ పాపర పీకేవాళ్ళని, మూడేళ్ళుగా ఇక్కడ పీకడం ఆగిపోయిందని చెప్పాడు. తేనెటీగలు ఆ పువ్వు మీద వాలి ఈ పువ్వు మీద వాలుతాయని చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. ముత్యాలయ్య ప్రతి మాటకీ తల ఊపుతున్నాడు.

"అయితే ఈయన పుచ్చ వల్ల ఆయన పాపర కూడా చెడిందా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

బడేసాహెబు ముత్యాలయ్య వంక చూశాడు. తర్వాత ఇసుక వంక చూశాడు.

"అదీ నిజమే సార్."

ముత్యాలయ్య దిబ్బ వైపు రెండడుగులు వేశాడు. పూడ్చిన కాయలు తవ్వి తెచ్చి ఆయన ముందు గుట్ట పోద్దామనుకున్నాడు. చేను మొత్తం చెడింది సార్, నష్టపోయింది నేను, పాకలో ఉండేది జ్వరం కాదు అని చెబుదామనుకున్నాడు. కామాక్షయ్య అతని కాళ్ళు ఎటు కదిలాయో చూశాడు. దిబ్బ మీద ఇసుక కొత్తగా తవ్వినట్టుండటం ఆయన వచ్చేటప్పుడే చూసి ఉంటాడు.

"యాడికిరా?" అన్నాడు మెత్తగా. "ఏవన్నా చూపించాలనా? చేదుకాయలా? చేదుకాయలు కాసే చేనుకి పట్టా దేనికిరా ముత్యాలా."

ముత్యాలయ్య ఆగిపోయాడు. కాయ తియ్యగా ఉంటే పక్కవాడి పంటకి చేటు. చేదుగా ఉంటే ఇది పంటే కాదు. రెండు రోజులు నాలుక చంపుకుని, భార్య పేగులు కోసుకుని వెతికి పట్టుకున్న తీపిని తనే కోసి, తనే తినిపించి, దానికి సాక్షిని కూడా తనే పిలుచుకొచ్చాడు.

"మాదే ముందు సార్," అన్నాడు చివరికి. "మా నాయన నాటి చేను సార్ ఇది. ఆ పాపర నిన్నగాక మొన్నటిది."

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడిలా లేడు. ఆయన మొగంలో జాలి కూడా కనపడింది. జాలి పడుతూనే చెప్పాడు, ముందెవరు వెనకెవరు అన్నది తనకి అక్కర్లేదని. "ఆయనది పట్టా భూమి. నీది ఆక్రమణ. ఆక్రమణ వల్ల పట్టా భూమి పంటకి నష్టమని సాక్షి నా ముందర చెప్పాక నేనేం రాయను? నువ్వే చెప్పు."

బడేసాహెబు తువ్వాలు నెత్తికి చుట్టుకోకుండానే, ఎవరి వంకా చూడకుండా కాలవ రేవు వైపు నడిచి వెళ్ళిపోయాడు. వెనక్కి పిలిచినవాళ్ళు లేరు. ఆయన మీద ముత్యాలయ్యకి కోపం రాలేదు. తెచ్చుకుందామని చూసినా రాలేదు.

కామాక్షయ్య గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, సరుగుడు నాట్లకి ఏ నెల మంచిదో ఇన్‌స్పెక్టరుతో మాట్లాడుతున్నాడు. దొరువులు పూడ్చక్కర్లేదట, మొక్కలకి మొదటి రెండేళ్ళు నీళ్ళు కావాలట. తోట పనికి ముత్యాలయ్యనే పెట్టుకుంటానని, కుండలు మొయ్యడంలో వాడికి మించినవాడు లేడని కూడా అన్నాడు. ఇన్‌స్పెక్టరు అది మంచి ఏర్పాటన్నాడు.

అంకాలమ్మ పాక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాగులమ్మ అడుగుతోందని, సారు ఏమన్నాడో చెప్పమంటోందని అంది. ముత్యాలయ్య చేత్తో ఉండమన్నట్టు సైగ చేశాడు. తలారి గొలుసు విప్పి, ఒక కొస పట్టుకోవడానికి మనిషి కావాలన్నాడు. ఇంకెవరూ కదల్లేదు. ముత్యాలయ్యే వెళ్ళి పట్టుకున్నాడు.

సముద్రం వైపు గట్టు కొలిచారు. పడమటి గట్టు కొలిచారు. గొలుసు తీగల మీదుగా ఈడ్చినప్పుడు కాయల మీది గడ్డి జరిగిపోయింది. గొలుసు లాగి పట్టమని తలారి అరిచినప్పుడల్లా అతను బిగించి పట్టాడు. ఆ చేను కొలవడం అదే మొదటిసారి. దాని పొడవు ఎన్ని కుండలో, వెడల్పు ఎన్ని తీగలో తెలుసు గానీ, మొత్తం ఎంతో అతనికీ, అతని తండ్రికీ ఎప్పుడూ తెలియదు. ఇన్‌స్పెక్టరు మోకాలి మీద పుస్తకం పెట్టుకుని లెక్క వేసి, కామాక్షయ్యకి వినపడేలా చదివాడు.

ఒక ఎకరా పదిహేడు సెంట్లు.